రాజలింగన్న చేతి కెటిల్

కొత్తగూడలో మా ఇంటిపనివాళ్ల సంఘం మీటింగు రోజున చాయ్ మరిగి కెటిల్ మూత గలగలలాడితే చాలు, నాకు రాజలింగన్న గుర్తుకొస్తాడు.

తొంభైల చివర్లో ఇక్కడ అద్దాల మేడలకు పునాదులు తవ్వుతున్నారు. నేను, నా భర్త అప్పట్లో బండలు కొట్టే కూలీలం. రాజలింగన్న మా కూలీల సంఘం నాయకుడు. వయసులో తుపాకీ పట్టి అడవిలో తిరిగి, జైల్లో మార్క్సును చదివి, నెరిసిన గడ్డంతో మా గుడిసెల మధ్యకు వచ్చాడు. అంతటి మనిషి ఉపన్యాసం దంచుతాడనుకుంటే, మీటింగులో వెనక నిలబడి చాయ్ పోసేవాడు. ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు ముందు మాట్లాడాలి, నాయకుడు అందరికన్నా చివర. అదీ ఆయన పద్ధతి. "తుపాకి పట్టిన చేత్తోని చాయ్ పోస్తున్నవేందన్నా?" అని నేను ఆటపట్టిస్తే, "తుపాకి పట్టుడు అల్కనే చెల్లె. మంది చెప్పేది ఇనుడే కష్టం" అని నవ్వేవాడు.

ఒక వానాకాలం కాంట్రాక్టరు గుడిసెలు వెంటనే ఖాళీ చేయమన్నాడు. నా కూతురికి అప్పటికింకా నడక రాలేదు. ఆ వానలో పిల్లను ఎత్తుకుని ఎక్కడికి పోను? అందరం కాంట్రాక్టరు రేకుల ఆఫీసు ముందు చేరాం. "పెద్దాయనా, మీరొక్కరే లోపలికి రండి, మాట్లాడుకుందాం" అన్నాడు కాంట్రాక్టరు. "నేను చాయ్ పోసేటోన్ని సార్. మాట్లాడేది మా చెల్లె" అంటూ రాజలింగన్న నన్ను ముందుకు నెట్టాడు. మాట్లాడటం మొదలుపెట్టాను గానీ, మాటమాటకీ రాజలింగన్న ముఖమే చూస్తున్నాను. ఆయనకు విసుగొచ్చింది.

"నా దిక్కు సూడకు. రేపు నేనుండ. నీ నోరుంటది" అని వీపు తిప్పి గ్లాసుల్లో చాయ్ పోయసాగాడు.

నాకు ఒళ్లు మండింది, ఆయన మీదే. ఆ కోపంలోనే మాటలు దొరికాయి. "సార్, గీ మేడకు బండ కొట్టింది మేము. వానలు ఆగినంక జాగ సూపెట్టుండ్రి, పోతం. గంతకు ముందు గుడిసె మీద చెయ్యి పడితే ఎవ్వలం సుత్తె పట్టం!" వెనకనున్న ఆడవాళ్లంతా గొంతు కలిపారు. కాంట్రాక్టరు చాలాసేపు గొణిగాడు గానీ, చివరకు ఒప్పుకున్నాడు. రాజలింగన్న ఆయనకూ ఒక గ్లాసు చాయ్ అందించాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన కలగన్న విప్లవం ఇంకా రాలేదు. హఫీజ్‌పేట్‌లో ఆనాడు దొరికిన జాగాలో మా ఇల్లు మాత్రం ఉంది. ఆయన కెటిల్ ఏమైందో తెలియదు, ఇది నేను కొన్నది.

మొన్నటి మీటింగులో కొత్తగా చేరిన నర్సమ్మను ముందు మాట్లాడమన్నాం. వారానికొక సెలవు కావాలని చెప్పడానికి లేచి, మాటమాటకీ నా ముఖం చూస్తోంది. నాకు నవ్వూ వచ్చింది, కళ్లూ చెమర్చాయి. కెటిల్ అందుకుని, వీపు తిప్పి నిలబడ్డాను.