ఏ లోటూ లేదండీ

దివిసీమలో మా ఊరి ఆస్పత్రి గోడకు ఒక నల్లరాతి పలక ఉంది. దానిమీద మా తాతగారి పేరుంటుంది. ఉప్పెన తర్వాత ఆయన సొంత స్థలంలో కట్టించి ప్రభుత్వానికి అప్పజెప్పిన భవనం అది. తర్వాత మాగాణి పోయింది, రైసుమిల్లు పోయింది. ఊళ్లో మాదని చెప్పుకోడానికి బాబాయి ఉంటున్న సగం ఇల్లూ, ఆ పలకా మిగిలాయి. నేను బందరులో లెక్చరరుగా చేసి రిటైరయ్యాను. మా కుటుంబం ఇచ్చింది గానీ ఒకరిని అడగలేదు. అదేమంత గొప్ప అని కొందరంటారు. నేను గొప్పగానే చెప్పుకుంటాను.

ఆస్పత్రిలో ఉన్న డాక్టరుకు బదిలీ అయింది. ఆ ఖాళీలో ఇంకెవరినీ వేయలేదు. ఒక నర్సు మాత్రం మిగిలింది. డాక్టరు లేని ఆస్పత్రులను మండల కేంద్రంలో కలిపేస్తారని ఊళ్లో చెప్పుకున్నారు. మా వైపు నాట్ల కాలంలో పాము కాట్లు ఎక్కువ. విరుగుడు ఇంజెక్షను డాక్టరు ఉంటేనే ఇస్తారు. నర్సు కట్టుకట్టి పంపేయడం తప్ప చేసేదేం లేదు.

ఆ రోజుల్లో గుడివాడ నుంచి నాకు ఫోను వచ్చింది. అక్కడుండే ఒక శాసనమండలి సభ్యుడి పీఏ చేశాడు. ఈ పీఏ తాత మా మిల్లులో గుమాస్తా.

"మావయ్యగారూ, బావున్నారా అండీ? డాక్టర్లు లేని ఆస్పత్రుల మీద మా సార్ మండలిలో ప్రశ్న వేశారు. మీ ఊరి పేరు నేనే పెట్టించాను. మంత్రిగారు లేచి నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న అండీ. అవునని ఒప్పుకున్నారంటే డాక్టర్ని వేసి తీరాలి."

వాళ్ల తాత మా తాతగారిని ఆ వరసతో పిలిచి ఉండడు. అయినా కృతజ్ఞతలు చెప్పాను. అడక్కుండా దొరికిన సాయం కాబట్టి తీసుకోవడానికి నాకు అభ్యంతరం కనిపించలేదు.

సభలో మంత్రి చెప్పే జవాబు సచివాలయంలో పుట్టదని నాకు అప్పుడే తెలిసింది. ప్రశ్న అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగుతుంది. ఒక అధికారి వెళ్లి చూసి రాసింది మళ్లీ మెట్టుమెట్టూ ఎక్కి మంత్రి చేతికి చేరుతుంది. మా ఊరికి అలా ఒక అధికారి వస్తున్నాడని నర్సుకు కబురొచ్చింది. ఆమె వెళ్లి బాబాయికి చెప్పింది.

బాబాయికి డాక్టరు కావాలి. ఊళ్లో ఆయనకంటే గట్టిగా కోరుకున్నవాళ్లు లేరు. కానీ అధికారి మా తాతగారి పేరున్న భవనానికి వస్తున్నాడు. బూజు పట్టిన గోడ చూపించడం ఆయన వల్ల కాలేదు. సున్నం వేయించారు. గుమ్మానికి మామిడాకులు కట్టించారు. ఇంట్లో మిగిలిన టేకు కుర్చీలు మోయించి వరండాలో వేయించారు. కూలీల పేటకు కబురు పంపారు: రేపు ఆస్పత్రి దగ్గరికి అందరూ రావాలి, ఉతికిన బట్టలు కట్టుకుని రావాలి.

నేను పొద్దున్న బస్సుకు బందరు నుంచి వెళ్లేసరికి ఆస్పత్రి పెళ్లివారి విడిదిలా ఉంది. జనం వరసగా, తలలు దువ్వుకుని, నెమ్మదిగా కూర్చున్నారు. నర్సు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అంది.

"ఇదేంటండీ, ఇలా చూస్తే ఇక్కడ డాక్టరు లేడని ఎవరనుకుంటారు?"

"ఇల్లు శుభ్రంగా ఉంటే కష్టం లేనట్టా అమ్మా?" అన్నారు బాబాయి వెనకనుంచి. "భోజనాలయ్యాక అన్నీ నేను చెప్తాగా."

అధికారి మర్యాదస్తుడే. లోపలికి వచ్చి చూశాడు, ఫోటోలు తీసుకున్నాడు, పలక ముందు నిలబడి పేరు చదివాడు. ఎండ పెరిగింది. బాబాయి ఆయన్ను ఇంటికి తీసుకొచ్చారు. పిన్ని రొయ్యల ఇగురు, గోంగూర పచ్చడి, గట్టి పెరుగు వడ్డించింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. విస్తరి ముందు కూర్చున్నవాడికి మన కష్టం చెప్పకూడదు. ముద్ద గొంతులో అడ్డుపడుతుందని మా నాయనమ్మ అనేది. తిని, చెయ్యి కడుక్కుని, తాంబూలం అందుకున్నాకే ఏ మాటైనా.

అధికారికి ఆ సంగతి తెలియదు. ఇగురు కలుపుకుంటూ మామూలుగా అడిగాడు.

"డాక్టరు లేక ఊరికి ఇబ్బందిగా ఉందా అండీ?"

బాబాయి నవ్వారు. "మా ఊరికి ఏ లోటూ లేదండీ. మీరు పెరుగు వేయించుకోండి."

ఆ మాట అక్కడే దిద్దుదామనుకున్నాను. కానీ పెద్దవాడి మాటను అతిథి ముందు కాదనడం మా ఇంట్లో లేదు. పిన్ని తమలపాకులు తెచ్చే లోపల అధికారికి ఫోను వచ్చింది. నిలబడే నమస్కారం పెట్టి, "చాలా సంతోషమండీ, ఇలాంటి ఆతిథ్యం ఈ రోజుల్లో ఎక్కడుంది" అంటూ జీపెక్కేశాడు. బాబాయి తాంబూలం పళ్లెం పట్టుకుని వీధి దాకా వెళ్లారు. జీపు అప్పటికే కాలవ మలుపు తిరిగింది.

"ఫోను చేసి చెప్దాం బాబాయ్," అన్నాను.

"చూసినవాడికి తెలీదట్రా? డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంది కదా."

ఆ కుర్చీ కూడా మా ఇంటి టేకు కుర్చీయే. శుభ్రంగా తుడిచి ఉంది.

మంత్రి జవాబు చెప్పే రోజున మళ్లీ ఊరికి వెళ్లాను. బాబాయి ఇంట్లో టీవీ ముందు నర్సు, పేట నుంచి వచ్చిన నలుగురైదుగురు కూర్చున్నారు. మంత్రి లేచి కాగితం చూసి చదివాడు. డాక్టర్లు లేని మాట నిజమేనా అన్న మొదటి భాగానికి "కాదండి." మిగతావాటికి "ప్రశ్న ఉత్పన్నం కాదు." మేం రోజులతరబడి ఎదురుచూసిన జవాబు ఊపిరి తీసుకునేలోపు అయిపోయింది. గుడివాడ సభ్యుడు లేచి ప్రజలు ఇబ్బంది పడుతున్నారని గట్టిగానే వాదించాడు. మా ఊరి పేరు ఎత్తాడు. మంత్రి ఈసారి కాగితం చూడలేదు, నవ్వుతూ మాట్లాడాడు.

"అధ్యక్షా, సభ్యులు చెప్పిన ఊళ్లో ఆస్పత్రి అద్దంలా ఉంది. మా అధికారి స్వయంగా చూసొచ్చారు. పక్క ఆస్పత్రి డాక్టరుకు అదనపు బాధ్యత ఇచ్చాం. ఆ భవనం ఇచ్చిన కుటుంబం పెద్దే మా ఊరికి ఏ లోటూ లేదని చెప్పారు. అలాంటి పెద్దలకు సభాముఖంగా కృతజ్ఞతలు."

బల్లలు చరిచారు. బాబాయి కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. నలభై ఏళ్లుగా మా ఇంటి గురించి ఎవరూ బల్ల చరచలేదు. ఆయన ముఖంలో వచ్చిన వెలుగు నేను చూశాను. అది అబద్ధం కాదు, దాన్ని నేను తక్కువ చేయను.

పేట నుంచి వచ్చిన ఒక ముసలామె నేలమీద నుంచి అడిగింది.

"మంత్రిగారు తమరి గురించే కదండీ చెప్పింది బాబుగారూ?"

"అవునే."

"మరి డాక్టరు ఎప్పుడొస్తాడంటండీ?"

నర్సు లేచి చెప్పులు వేసుకుంది.

ఆ వారంలోనే పీఏ నన్ను గుడివాడ రమ్మన్నాడు. గుడ్లవల్లేరు దాకా ఇంజనీరింగు కాలేజీ పిల్లలతో బస్సు కిక్కిరిసింది. ఆ తర్వాతే సీటు దొరికింది. ఆఫీసులో పీఏ కుర్చీ చూపించాడు గానీ తను లేవలేదు.

"మావయ్యగారూ, పెద్దాయన మా సార్‌ని సభలో నవ్వులపాలు చేశారండీ. మేం డాక్టరు లేడంటే, మీరు రొయ్యల ఇగురు పెట్టారంట."

"ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టడం తప్పా?"

"తప్పని ఎవరన్నారండీ. మా ఇళ్లలో అయితే ముందు ఏడ్చి తర్వాత పెడతాం." నవ్వి, మళ్లీ మామూలుగా అన్నాడు. "ఒక దారుంది. బాబాయిగారు 'ఆ రోజు ఏర్పాట్లన్నీ నేనే చేయించాను, జనాన్ని నేనే పిలిపించాను, డాక్టరు లేక ఊరు ఇబ్బంది పడుతోంది' అని రాసి సంతకం పెడితే చాలు. సభను తప్పుదోవ పట్టించారని మా సార్ మళ్లీ లేవనెత్తుతారు. డాక్టరు వచ్చి తీరతాడండీ."

అక్కణ్నుంచి నేరుగా ఊరికి వెళ్లాను. బాబాయి అంతా విన్నారు.

"అంటే నేను నాటకం ఆడానని నా చేత్తో నన్నే రాయమంటావు."

"డాక్టరు వస్తాడు బాబాయ్."

"నాన్నగారి పేరున్న గోడకు సున్నం వేయించాను. వచ్చిన మనిషికి అన్నం పెట్టాను. అది మోసమని రాస్తే, రేపు సభలో చదువుతారు. ఫలానా వారి కొడుకు మోసం చేశాడని చదువుతారు." నా వైపు తిరిగారు. "నువ్వయితే రాస్తావా?"

రాయనన్నాను. ఇవాళ అడిగినా అదే చెప్తాను. అది సరైన జవాబని మాత్రం అనను.

పీఏకి ఫోను చేసి కుదరదని చెప్పాను. "మీ ఇష్టం అండీ," అన్నాడు. ఆ తర్వాత నన్ను మావయ్యగారూ అని పిలవలేదు.

వానలు మొదలయ్యేలోపే మా ఆస్పత్రిని మండల కేంద్రంలో కలిపేశారు. నర్సు వెళ్లేటప్పుడు పిన్ని బొట్టుపెట్టి జాకెట్టు గుడ్డ ఇచ్చింది. మందులు ఆటోలో తీసుకెళ్లి, తలుపుకు తాళం వేసి, తాళం చెవి కూడా వాళ్లే పట్టుకుపోయారు.

నాట్లలో ఒక ఆడమనిషిని పాము కరిచింది. అలవాటు కొద్దీ ఆమెను ఆస్పత్రి వరండాకే మోసుకొచ్చారు. అంబులెన్సు వచ్చేదాకా బాబాయి వానలో ఆమె మీద గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. ఆమె బతికింది. కానీ ఆ కాలు ఇప్పటికీ నేలకు సరిగ్గా ఆనదు, పొలం పనికి పోలేదు.

బాబాయి ఆమె ఇంటికి బస్తా బియ్యం పంపించారు. ఆమె మొగుడు ఆ బస్తాను సైకిలు మీద తిరిగి తెచ్చి, మా అరుగు మీద దించి, నమస్కారం పెట్టి వెళ్లాడు. మా ఇంటి నుంచి వెళ్లింది వెనక్కి రావడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు.

బాబాయి ఈ సంగతి నాకు ఫోనులో చెప్పారు. చెప్పి, బందరులో వాన పడుతోందా అని అడిగారు. పడుతోందన్నాను.