స్టెబిలైజర్ బుష్ కోసం తాండూరు దాకా

మలుపులో మా పాత కారు ఒక పక్కకు వాలినప్పుడల్లా మా ఆయన ఒకటే మాట అనేవారు. "సునీతా, స్టీరింగ్ గుంజకు. జర మెల్లగ తిప్పు." ఇరవై ఏళ్లు ట్రావెల్స్ కార్లు నడిపిన మనిషి ఆయన. పోయిన ఏడాది వెన్నుకు ఆపరేషన్ అయ్యాక స్టీరింగ్ పట్టొద్దన్నారు డాక్టర్లు. దాంతో నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. పొద్దున మర్పల్లి దగ్గర నేను చదువు చెప్పే బడికీ, పదిహేను రోజులకోసారి ఆయన ఫిజియోథెరపీకి హైదరాబాద్‌కూ నేనే నడిపేదాన్ని. ఒకరోజు చేవెళ్ల దాటాక ఒక మలుపులో కారు కింద టక్కుమని చప్పుడై, ముందు భాగం ఒరిగింది. ఆయన నడుము పట్టుకుని అరిచారు. ఇంటికొచ్చాక, "ఇగ నీతోని గాదు, క్యాబ్ మాట్లాడుకుందాం" అన్నారు. కోపంగా కాదు, అలసిపోయి అన్నారు. అందుకే ఎక్కువ బాధపడ్డాను. కారు తాళాలు ఫ్రిజ్ మీద పెట్టేసి మళ్లీ బస్సెక్కడం మొదలుపెట్టాను.

నిజానికి అంతకు ముందే వికారాబాద్‌లో ఒక మెకానిక్ బండి వాలడానికి కారణం కనిపెట్టి, స్టెబిలైజర్ బుష్‌లు మార్చాడు. కారు కింద రెండు ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఇనుప రాడ్ ఉంటుంది. మలుపులో బండి వాలకుండా ఆపేది అదే. దాన్ని రెండు చోట్ల పట్టి ఉంచే రబ్బరు ముక్కలే ఈ బుష్‌లు. కొత్తవి వేశాక కూడా కారు వాలుతోందంటే తప్పు నాదేనని ఆయనా అనుకున్నారు, నేనూ నమ్మాను. కానీ నెల తర్వాత మనసొప్పక మరో మెకానిక్‌కు చూపిస్తే, లైటు వేసి చూసి, "మేడం, గీ బుష్‌లు లూజున్నయి. మీ మోడల్‌వి ఈడ దొరకయి. తాండూరుల అడుగుండ్రి. మెల్లగ పోతే ఏం గాదు" అన్నాడు.

రెండో శనివారం సెలవు రోజున, ఎనిమిది గంటలకు బయల్దేరాను. ఒక్కదాన్నే వెళ్తానంటే ఆయన వినలేదు. నడుము వెనక దిండు పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. వికారాబాద్ దాటగానే అనంతగిరి మలుపులు వస్తాయి. అడవి పచ్చగా ఉంది, గాలి చల్లగా ఉంది, నేను మాత్రం ఏదీ చూడలేదు. రెండో గేరులో, వెనకాల హారన్లు మోగుతున్నా పట్టించుకోకుండా దిగాను. ప్రతి మలుపులో టక్, టక్. ఆయన పైనున్న హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నారు. ధారూరు దాటాక రోడ్డు తిన్నగా, రెండు పక్కలా కంది చేలు. గంటలో వెళ్లే దారికి రెండు గంటలు పట్టింది.

తాండూరు బజారులో మొదటి రెండు దుకాణాల వాళ్లు మోడల్ పేరు వినగానే తల అడ్డంగా ఊపారు. మూడో దుకాణం ఖాదర్ భాయ్‌ది. పెద్దాయన. పక్క షెడ్డు మెకానిక్‌తో మా కారులోంచి ఒక బుష్ తీయించి, వేళ్ల మధ్య నొక్కి చూసి, "పెట్రోల్ బండా, డీజిలా బేటీ?" అని అడిగారు.

"పెట్రోల్."

"ఇది డీజిల్‌ది. దాని రాడ్ లావుంటది. మీ రాడ్ సన్నం. గందుకే లోపల ఆడుతున్నది."

ఆ షెడ్డు మెకానిక్ బసన్న, జాకీ మీదున్న కారు కింద దూరి రాడ్ కొలిచాడు. ఖాదర్ భాయ్ చెప్పింది నిజమే. మా ఆయన వంగలేక, నిలబడే ఆ కొలత రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు.

అయితే కారణం తెలిసినంత సులువుగా సరుకు దొరకలేదు. "గీ మోడల్ బంద్ అయి మస్తు రోజులాయె. డీజిల్‌వి వస్తయి, పెట్రోల్‌వి రావు" అంటూ ఖాదర్ భాయ్ అల్మరాలన్నీ వెతికారు. ఇంకో కారుది అదే కొలత రంధ్రమున్న జత తీశారు. బసన్న పెట్టి చూసి, తీసేశాడు. అతనిది కన్నడం కలిసిన తెలుగు. "బ్యాడ అక్కా, వద్దు, ఇది క్లాంపుల కూసుంటలేదు. నెల దినాలకు మల్ల టక్ టక్ అంటది." అమ్ముడుపోయే సరుకును కాదన్నా ఖాదర్ భాయ్‌కు కోపం రాలేదు. "సచ్ బోల్రా, నిజమే చెప్తున్నడు" అని జతను డబ్బాలో వేసేశారు.

పాత బుష్‌లే మళ్లీ బిగించుకుని మధ్యాహ్నం స్టేషన్ దగ్గరి మెస్‌కు వెళ్లాం. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ. ఇద్దరికీ నూట అరవై అయింది. రొట్టె వేడిగా ఉన్నా మా ఆయన తినలేకపోయారు. "కారు అమ్మేద్దాం సునీతా. నీకు తిప్పలెందుకు?" అన్నారు. నేను జవాబు చెప్పబోతూ బయటికి చూశాను. చెట్టు నీడలో మా కారు పక్కనే అచ్చం అలాంటిదే, కాకపోతే తెల్లది, ఎవరో అప్పుడే ఆపుతున్నారు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే వెళ్లాను.

"అన్నా, ఇది పెట్రోల్ బండేనా? బుష్‌లు ఎక్కడ దొరికినయ్?"

ఆయన పేరు దావీదు, యాలాల్ మనిషి. నా చెయ్యి చూసి నవ్వారు. "ముందు తినుండ్రి అక్కా, నేనేడికీ పోను." మా బల్ల దగ్గరే కూర్చుని, మా ఆయన నడుము సంగతి విని, చెప్పారు. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో దొరికినప్పుడు, మళ్లీ దొరకవేమోనని రెండు జతలు కొన్నారట. ఒకటి వేయించారు, ఒకటి ఇంట్లో ఉంది.

"మీకు అవసరం పడదా?" అన్నారు మా ఆయన.

"పడ్డప్పుడు చూద్దాం. నా బండి ఇప్పుడు మంచిగనే ఉన్నది గద. మీ నడుమే బాగలేదు."

యాలాల్ తాండూరుకు పది కిలోమీటర్ల లోపే. ఆయన వెనకే వెళ్లాం. కొన్న ధర కన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు, వాళ్ల ఆవిడ చాయ్ తాగనిదే వదల్లేదు. మళ్లీ తాండూరు వచ్చేసరికి నాలుగు. బసన్న రాడ్ శుభ్రంగా తుడిచి, బుష్‌లు వేసి, బండి చక్రాల మీద నిలబడ్డాక చివరి బిగింపు బిగించాడు. కూలి మూడు వందలు.

వెలుతురు ఉండగానే అనంతగిరి ఎక్కడం మొదలుపెట్టాను. మొదటి మలుపులో నా భుజాలు బిగుసుకున్నాయి. చప్పుడు లేదు. రెండో మలుపులోనూ లేదు. నేను తిప్పినంతే తిరిగి కారు తిన్నగా నిలబడింది. మూడో మలుపు దాటాక మా ఆయన హ్యాండిల్ వదిలేసి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నారు.

"నువ్వు ఎప్పుడూ మంచిగనే తిప్పినవ్. కారు తప్పు నీ మీదేసిన" అన్నారు.

"ఇప్పుడు మాట్లాడించకండి, ముందు లారీ ఉంది" అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. ఆపరేషన్ తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

ఆ తర్వాతి బుధవారం ఫిజియోథెరపీకి మేం క్యాబ్ పిలవలేదు. అరచేతిలో పట్టే రెండు రబ్బరు ముక్కల కోసం ఒక రోజంతా తిరిగామంటే కొందరు నవ్వొచ్చు. కానీ ఆ రోజు ముగ్గురు అపరిచితులు మా కష్టాన్ని తమదిగా చూసుకున్నారు, నేను నా చేతులను మళ్లీ నమ్మాను. పాత కారున్నవాళ్లకు ఒక్క సలహా: బుష్ కోసం బయల్దేరే ముందు మెకానిక్‌తో రాడ్ మందం కొలిపించుకుని, మీది పెట్రోలా డీజిలా అన్నది దుకాణంలో ముందే చెప్పండి. ఇక మలుపులో బండి వాలితే ముందు దాని కిందికి వంగి చూడండి. స్టీరింగ్ పట్టుకున్న మనిషిని తర్వాత అనొచ్చు.