ఇంట్లో ఏం చూపిస్తే అది

మాసి మగం పండగ స్నానాల రోజు సముద్రపు ఒడ్డున తమ్ముడి చెయ్యి వదిలింది నేనే. నాకు తొమ్మిదేళ్లు, వాడికి మూడు. గాజుల బుట్ట చూస్తూ నిలబడ్డానంతే, తిరిగి చూస్తే వాడు లేడు.

రెండు రోజులు వెతికి మూడో రోజు నాయన దండోరా వేయించాడు. మా వీధుల్లో దండోరా వేసేవాడు మలుపు మలుపులో తప్పెట కొట్టి తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి అరిచేవాడు. "పిల్లోణ్ణి తెచ్చిచ్చినోళ్లకి మా ఇంట్లో ఏం చూపిస్తే అది ఇస్తాం!" ఆ మాటకు ఒక హద్దు పెట్టాలని నాయనకు తోచలేదు. బిడ్డ కనబడనివాడికి మాటలు తూచుకునే తీరిక ఎక్కడిది?

మర్నాడు పొద్దున సముద్రపు ఒడ్డునున్న చేపలవాళ్ల పేట సోలై నగర్ నుంచి చేపలమ్మే అవ్వ ఒకామె తమ్ముణ్ణి చంకనెత్తుకుని వచ్చింది. ఎవరి బిడ్డో తెలియక తన దగ్గరే ఉంచుకుందట, దండోరా విని తెచ్చింది. అమ్మ ఆమె కాళ్లమీద పడిపోయింది. అవ్వ అప్పుడేమీ అడగలేదు. శుక్రవారం వచ్చి చూసుకుంటానని చెప్పి పోయింది.

ఇక మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మాది నేతపని, ఉన్నది ఒక్క మగ్గం. దాన్ని చూపిస్తే మా నోట్లో మట్టే. ఎదురింటి మామ మా ఊరినేలే ఫ్రెంచివాళ్ల, అదే ఫరాసువాళ్ల, కోర్టు దగ్గర అర్జీలు రాసేవాడు. నాయన ఆయన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాడు.

"మామా, ఇంకో దండోరా ఏయించి ఆ మాట ఎనక్కి తీసుకుంటే?"

"బిడ్డ రాకముందైతే సరే. ఇప్పుడేంది తీసుకునేది? గుడ్డలు అమ్ముతామని అరిస్తే అది ఊరికే రమ్మని పిలవడం. వచ్చినోడు అడగాల, నువ్వు ఒప్పుకోవాల. ఇది అట్లా కాదే! ఈ పని చేస్తే ఇది ఇస్తానంటివి, ఆమె చేసేసె. ముడి పడిపోయె."

"మగ్గం దాచిపెడితేనో?" అంది అమ్మ లోపల్నుంచి.

"యాడ దాస్తావమ్మా? దండోరా నాడు ఇంట్లో ఉండినదంతా లెక్కే."

తలుపు చాటున నిలబడి అంతా వింటున్నాను. ఆ నాడు ఇంట్లో నేనూ ఉన్నాను కదా! తప్పు కూడా నాదే. నన్నిచ్చేస్తే మగ్గం మిగులుతుంది, పీడా పోతుంది. ఈ మాట ఎవరూ అనలేదు, నాకు నేనే అనుకున్నాను. అనుకున్నకొద్దీ భయం పెరిగింది.

శుక్రవారం అవ్వ వచ్చింది. సాక్ష్యానికి మామ కూడా వచ్చి కూర్చున్నాడు. అవ్వ చూపు మగ్గం మీద ఆగింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అక్కణ్ణుంచి చూపు కదిలి, మూల నిలబడ్డ నా మీదికి వచ్చింది. వేలెత్తి, "ఈ పిల్ల" అంది అరవంలో.

నాయన అవ్వను చూడలేదు, నన్నూ చూడలేదు. ఏం చెప్తాడోనని మామ ముఖంలోకి చూశాడు.

అవ్వ పకపకా నవ్వింది. "బెదిరి చచ్చినావే పిల్లా! నువ్వు నాకెందుకు? పో, ఆ రాగి చెంబు తెచ్చియ్యి" అంది. చెంబు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. మగ్గం నిలిచిందని అమ్మ పాయసం వండింది.

నాయన మంచివాడే. తమ్ముణ్ణి పోగొట్టినందుకు నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. కానీ ఆ వేలు నా మీద ఉన్నంతసేపూ ఆయన నోట "ఇయ్యను" అన్న మాట రాలేదు.