సుబ్బరత్నం కొట్టేసిన మాటలు

నా కథల్లో ఎవడూ ఊరికే నడవడు. గంభీరంగా నడుస్తాడు, లేదా భారంగా నడుస్తాడు. తలుపు కూడా నెమ్మదిగా, నిశ్శబ్దంగా, నిర్దయగా మూసుకుంటుంది. కారంపూడిలో ఎరువుల కొట్టు నడుపుతూ ఇరవై ఏళ్లుగా ఇలాగే రాస్తున్నాను. నాటికల్లోకి దిగాక మరీ సుఖమైంది. ప్రతి డైలాగు ముందూ బ్రాకెట్ పెట్టి, దాన్ని ఎలా పలకాలో మూడేసి మాటల్లో ముందే చెప్పేయొచ్చు.

అలాంటి నా స్క్రిప్టు మీద సుబ్బరత్నం చెయ్యి చేసుకుంది.

సుబ్బరత్నానిది నరసరావుపేట. పన్నెండో ఏట పద్యనాటకాల వాళ్లతో స్టేజీ ఎక్కింది, ఇప్పుడు అరవై రెండు. జీవితంలో ఒక్కసారే అయిన పెళ్లి స్టేజీ మీద నూటయాభైసార్లు అయిందని తనే నవ్వుతుంది. తల్లి వేషం కావాలంటే ఈ చుట్టుపక్కల నాటక పరిషత్తుల వాళ్లంతా ఆమెకే ఫోన్ చేసేవాళ్లు. నిరుడు క్రోసూరులో డైలాగు మర్చిపోయి నిమిషంపాటు అలాగే నిలబడిపోయింది. అంతే, ఫోన్లు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆమెకు దొరికిన వేషం నాదొక్కటే. ఇదీ పోతే ఇక ఆమెను పిలిచేవాళ్లు ఉండరని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

రిహార్సల్ మొదటి రోజే ఆమె కాపీ చూసి నాకు ఒళ్లు మండింది. కనుబొమలు దిద్దుకునే పెన్సిల్‌తో నా బ్రాకెట్లన్నీ కొట్టేసింది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"ఇయ్యి పలికే మాటలు కాదు గదా రైటరు గారూ. అడ్డమొస్తన్నయ్యి."

"అయ్యి లేకపోతే ఎట్టా పలకాలో మీకెట్టా తెలుస్తది?"

ఆమె పేజీ తిప్పి ఇంకో బ్రాకెట్ కొట్టేసింది.

నాటికకు ప్రాణం ఒక్క సీను. కొడుకును చంపినవాళ్లు రాజీ కోసం ఆ ఇంటికే వస్తారు. తల్లి వాళ్ల ముందు చెంబు పెట్టి "మంచినీళ్లు తాగండి" అంటుంది. ఆ మాట ముందు బ్రాకెట్లో నేను 'కసిగా, గద్గదంగా, గుండెలు పగిలేలా' అని రాశాను. ఆ మూడు మాటలకే నాకు రెండు రోజులు పట్టింది. రాసినట్టు చెయ్యకపోతే మాచర్ల నుంచి పూర్ణిమను పిలిపిస్తానని సుబ్బరత్నానికి తెగేసి చెప్పాను. పూర్ణిమ ఏడవమంటే ఏడుస్తుంది, ఆపమంటే ఆపుతుంది.

సుబ్బరత్నం పెన్సిల్ తీసి సంచిలో పెట్టేసింది. "మీరు చెప్పినట్టే చేస్తా" అంది. ఆ వారమంతా పళ్లు కొరికింది, వణికింది, వెక్కింది. నాకు తృప్తిగా ఉండేది. ఆ సీను వచ్చినప్పుడు మిగతా నటులు ఫోన్లు చూసుకుంటున్నారని గమనించాను గానీ పట్టించుకోలేదు.

పోటీ నరసరావుపేటలోనే. సాయంత్రం మొదటి నాటిక మాది. నేను జడ్జీల వెనక కూర్చున్నాను. ముందు వరసలో క్రోసూరు పరిషత్తు వాళ్లు కనిపించారు.

ఆ సీను వచ్చింది. హంతకుడి వేషం వేసిన సుభానీ మంచం మీద కూర్చున్నాడు. సుబ్బరత్నం చెంబుతో వచ్చి నిలబడింది. పళ్లు కొరకలేదు. వణకలేదు. నోట మాట లేదు.

ఐదు సెకన్లు. పది. క్రోసూరు వాళ్లలో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో చెప్పాడు. మళ్లీ మర్చిపోయింది, నా నాటిక పోయింది, ఈమె పనీ అయిపోయింది అనుకున్నాను. తెర పక్కనుంచి మాట అందించాల్సినవాడు ఏం చేస్తున్నాడో అర్థంకాక లేవబోయాను.

అప్పుడు ఆమె వంగింది. చెంబుకు అంటిన తడిని కొంగుతో తుడిచి సుభానీ పక్కన పెట్టింది.

"మంచినీళ్లు తాగండి" అంది.

మా ఇంటికి చుట్టాలొస్తే మా ఆవిడ అన్నట్టే అంది. సుభానీ చెంబు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది నేను రాయలేదు. తర్వాతి డైలాగు వాడిదే, వాడు చెంబు వైపే చూస్తున్నాడు. నేను రాసిన మాటే, నాకే భయం వేసింది.

తెర పడ్డాక క్రోసూరు వాళ్లు వెళ్లి ఆమె ఫోన్ నంబరు మళ్లీ రాసుకున్నారు. వాళ్లు కదిలేదాకా ఆగి లోపలికి వెళ్లాను. నాకింకా కొంచెం కోపం మిగిలే ఉంది.

"మర్చిపోయారనుకున్నా."

"మర్చిపోలా. గుర్తొచ్చింది" అంది. "మా పెద్దన్నను నరికినోళ్లు రాజీకొచ్చినప్పుడు చెంబు తెచ్చింది నేనే. తొమ్మిదేళ్లు నాకు. మా అమ్మ దాన్ని అందుకుని వాళ్ల ముందర పెట్టి ఈ మాటే అంది."

"ఎట్టా అంది?" అని అడిగాను. ఇరవై ఏళ్ల అలవాటు మరి.

"ఎట్టానూ అనలా" అంది సుబ్బరత్నం, అద్దం ముందు రంగు తుడుచుకుంటూ. "ఎండన పడి వచ్చారుగా. తాగమంది."