సామువేలు వాద్యారి పరలోకాలు

ట్రాక్టరు ఇప్పుడే చేలో దిగింది. తడిసిన ఎర్రమట్టి వాసనతో పాటు సామువేలు వాద్యారి మీద నా పాత విసుగూ పైకి లేచింది. ధర్మపురి మిషన్ బడిలో ఆయన మాకు చరిత్ర చెప్పేవారు. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మంచి మనిషే, కానీ ఏది అడిగినా మొదటినుంచి ఎత్తుకునేవారు. టైమెంతయిందంటే గడియారం ఎవరు కనిపెట్టారో చెప్పే రకం.

నేను ఆ బడిలో చదివేనాటి మాట. మా చెల్లెలు పాలుతాగే వయసులోనే జ్వరంతో పోయింది. మాలో అంత పసివాళ్లను కాల్చరు, చేను మూలన పూడుస్తారు. ఏడాది తిరిగితే పైన నాగలి నడుస్తుంది. నేను బడికి రాలేదని వాద్యారు మా ఊరు ఇండూరుకు నడిచి వచ్చారు. అమ్మ ఆయనను అడిగింది ఒక్కటే: "సామీ, మీ పరలోకంలో నా బిడ్డ ఉంటుందా?" ఉంటుందమ్మా అంటే ఆయన సొమ్మేం పోతుంది? "మొదట్లో ఎవరూ పైకి పోతారనుకోలేదక్కా," అని మొదలుపెట్టారు. "అందరూ మట్టి కిందే నిద్రపోతారనుకున్నారు. ఆ తర్వాత, కడపటి దినాన ఒంటితోనే లేస్తారని చెప్పినారు. దేవుని ఊరు ఈ భూమి మీదికే దిగి వస్తుందని..." అమ్మ అక్కడితో లేచిపోయింది. ఆమెకు కావలసింది దొరికింది. మరునాడు ఆ మూల చుట్టూ రాళ్లు పేర్చింది.

ఏడాది తిరిగి వేరుశనగ విత్తే అదను వచ్చింది. అమ్మ ఎద్దులకు అడ్డం నిలబడి, "లేచేటప్పుడు బిడ్డ ఒళ్లు చెదిరిపోయి ఉంటే ఎట్లా?" అంది. నాన్న నామీద విరుచుకుపడ్డాడు. "మీ వాద్యారు నా కొంప ముంచినాడు కదరా! పోయి పిలుచుకొని రా!"

వచ్చారు. ఈసారైనా ముక్తసరిగా ముగిస్తారనుకున్నాను. మిగిలిన పాఠం ఎత్తుకున్నారు! "అది పాతకాలపు మాటక్కా. తర్వాతి పెద్దలు, ప్రాణం పోతూనే ఆత్మ పైకి పోతుందన్నారు. బాప్తిస్మం లేని పసివాళ్లకు పరలోకం అంచున వేరే చోటు చెప్పినారు. దానికి మనసొప్పక ఇంకొందరు, పరలోకమంటే పోయినోళ్లంతా కలుసుకునే ఇల్లన్నారు..."

అమ్మ ఆయనను ఆపింది. "ఇన్నిసార్లు మీవాళ్లు ఇల్లు మారిస్తే, నడక రాని బిడ్డ ఎక్కడికని పోతుంది సామీ? నేను పెట్టిన చోటే ఉండనీ."

నాకు ఒళ్లు మండిపోయింది. వాద్యారిని పక్కకు పిలిచి, "ఉంటుందని ఒక్క మాట చెప్పకూడదా సార్?" అన్నాను.

"తెలియనిది తెలుసునని ఎట్లా చెప్పేదప్పా?" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. తర్వాత పంచె ఎగగట్టి, ఎద్దుల పగ్గం పట్టుకుని రాళ్ల చుట్టూ తిప్పారు. నాన్న పళ్లు నూరుతూనే నాగలి మేడి పట్టాడు. బదిలీ అయ్యేదాకా వాద్యారు ఏటా ఆ పనికి వచ్చారు. నేను ఆయనను క్షమించింది ఆ పగ్గం చూసే.

అమ్మ పోయింది, ఆయనా పోయారు. ఇద్దరూ కలిసి ఆ మూలకు నన్ను కాపలా పెట్టారు. ట్రాక్టరు అక్కడ ఆగింది. "రాళ్లు తీసేస్తే ఇంకో నాలుగు సాళ్లు వస్తాయి సార్! ఏముందిక్కడ?" అని అరిచాడు డ్రైవరు.

"మొదట్లో..." అని ఎత్తుకుని, నోరు మూసుకున్నాను.

"మా చెల్లెలు నిద్రపోతా ఉంది," అన్నాను. "చుట్టూ తిప్పుకొని పో."