చీటీ మీద బొటనవేలు

ఎదుట ఏ బట్ట ఉన్నా బొటనవేలితో తడిమి చూడటం ఆయనకు అలవాటు. నా బల్ల మీది గుడ్డనూ వదల్లేదు. సూరత్‌లో సాంచా, అదే మరమగ్గం, నడిపే తెలంగాణ మనిషి. కరోనా రెండో అల తగ్గాక, ఐదు రోజుల జ్వరంతో ఉన్న కూతురిని మా ఆసుపత్రికి ఎత్తుకొచ్చాడు.

కరోనా పరీక్షలో ఏమీ లేదు. "వైరల్ జ్వరమే, ఇంటికి తీసుకెళ్లండి" అంటూ చీటీ రాయబోయాను.

ఆయన బొటనవేలు చీటీకి అడ్డం పడింది.

"పోను డాక్టరమ్మా. బిడ్డ కండ్లు ఎర్రగైనయి, పెదవులు పగిలినయి. నెల కింద ఇంట్ల అందరికీ కరోనా వచ్చిపాయె. ఒక్క పోగు తెగినా మేం సాంచా ఆపుతం. ఆపకుంటే బట్టంత ఖరాబైతది. ఏ పోగు తెగిందో నాకెర్కలేదు. నువ్వు జర సూడు."

"బయట ఇంకా చాలామంది ఉన్నారు" అని కసిరాను.

"ఉండనియ్. నేను జరుగ."

విసుగ్గానే గుండె స్కాన్‌కు పంపాను. గుండె రక్తనాళాలు వాచి ఉన్నాయి. వైరస్ పోయాక పాప ఒళ్లే తన మీద తిరగబడి తెచ్చుకున్న వాపు అది. ఆ రోజే మందు ఎక్కించాం. పాప కోలుకుంది.

ఇంటికి వెళ్లే రోజు ఆయన దండం పెడతాడనుకున్నాను. పెట్టలేదు.

"ఇంకెవల బిడ్డనూ గిట్ల సూడకుంట ఇంటికి తోలకు" అన్నాడు.