కెటమిన్ మీదికి తోసేద్దామని...

మనిషికి పరువు ఒక్కసారే పోతుందంటారు. శుద్ధ అబద్ధం. నా పరువు ఒకే భుజం మీదుగా రెండుసార్లు పోయింది. మొదటిసారి పోయినట్టు నాకు తెలియను కూడా తెలియలేదు. రెండోసారి మాత్రం నేనే దగ్గరుండి సాగనంపాను. ఆ ఘోరం చెబుతాను, వినండి. నవ్వితే నవ్వండి గాని, నలుగురికీ చెప్పేటప్పుడు నా పేరు మార్చి చెప్పండి, మీకు పుణ్యముంటుంది.

అప్పట్లో నేను పరవాడలో ఒక మందుల కంపెనీలో కొత్తగా చేరాను. పొద్దున్నే అనకాపల్లిలో కంపెనీ బస్సెక్కడం, సాయంత్రం దిగడం, ఆదివారం వాలీబాల్. ఒక ఆదివారం ఎగిరి బంతిని కొట్టబోయి గాలిని కొట్టాను. బంతి అవతల పడింది, నా కుడి భుజం ఇవతల జారింది. అమ్మా నాన్నా ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

ఎముకల డాక్టరుగారు చూసి, "కెటమిన్ ఇచ్చి భుజం ఎక్కించేద్దాం" అన్నారు.

"ఏ మందు బాబూ?" అంది అమ్మ.

"కెటమిన్ అమ్మా. నొప్పి తెలియదు. ఊపిరి దాని పని అది చేసుకుంటూ ఉంటుంది. మనిషి మాత్రం కాసేపు ఇక్కడ ఉండడు."

అమ్మకి విటమిన్ అని వినబడింది. "అయితే రెండియ్యండి బాబూ, మావోడు మరీ సన్నంగున్నాడు" అంది.

సూది పడిన కాసేపటికి నేను గది కప్పుకి ఆనుకుని తేలుతున్నాను. కింద మంచం మీద అచ్చం నాలాంటివాడొకడు పడుకుని ఏదో వాగుతున్నాడు. వాడెవడో, వాడి భుజం గొడవేమిటో నాకు పట్టలేదు. కళ్ళు తెరిచేసరికి భుజం దాని చోట అది ఉంది. అమ్మ నవ్వాపుకోలేక నానా తంటాలూ పడుతోంది.

"నానేటన్నానమ్మా?"

"మీ నాన్న మీసం ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి అన్నావురా. కత్తెర తే, కత్తెర తే అని నర్సమ్మ మీద కేకలేసేవు."

మా నాన్న గురించి మీకు తెలియదు. చెరుకు రైతు. ఆయన వీధిలోకి వస్తే దున్నపోతు కూడా పక్కకి తప్పుకుంటుంది. అలాంటి మనిషి మీసాన్ని అంతమాటంటే ఏమవ్వాలి? ఏమీ అవలేదు! "మందు మత్తులో అన్నాడు, పోన్లే" అని భుజం మీద తువ్వాలు సర్దుకుని ఊరుకున్నాడు. అప్పుడే నా బుర్రలో పురుగు దూరింది. మత్తులో ఉన్నవాడు ఏమన్నా చెల్లుతుందన్నమాట!

మర్నాడు బస్సులో పక్క సీటు పైడిరాజు దగ్గర గొప్పలు మొదలెట్టాను.

"తేలిపోయేను బావా. ఒంటికి బరువే నేదు."

"నోర్ముయ్ బావా! అది పట్నంలో కుర్రోళ్ళు పార్టీల్లో ముక్కుతో పీల్చే సరుకు. పోలీసోళ్ళు ఇన్నారంటే జైల్లో తేల్తావు."

"నాకు డాక్టరుగారిచ్చేరు!"

"డాక్టరిత్తే మందు. నీ అంతట నువ్వు పీలిత్తే మట్టి. అది తెలుసుకో."

వెనక సీట్లో ఈశ్వరి కిసుక్కున నవ్వింది. ఈశ్వరిది బుచ్చయ్యపేట, మా కంపెనీలోనే ప్యాకింగ్‌లో పని. మేమిద్దరం పెళ్ళి చేసుకుందామని అప్పటికే అనుకున్నాం. ఇంట్లో చెప్పడమే తరువాయి. ఆ తరువాయి నా వల్లే ఆగింది. ఆకలేస్తోందని కూడా మా నాన్నకి అమ్మ చేత చెప్పించేవాణ్ణి, ఇక ప్రేమ సంగతి నా నోటితో ఏం చెబుతాను?

అలా నెలలు గడిచాయి. ఒకనాడు నాన్న చేలోంచి వస్తూనే, "వచ్చే గురువారం సెలవెట్రా. నీకు పిల్లని సూడ్డానికెల్తన్నాం" అన్నాడు. ఎవరింటికి అని కూడా అడగలేదు. "అలాగే" అని ఊరుకున్నాను.

ఈశ్వరికి చెబితే, ఏడుస్తుందనుకున్న మనిషి చల్లగా నవ్వింది. "గురువారం దాకా టైముంది కదా. మీ నాన్నకి సెప్తావో మానేత్తావో, సూత్తాను" అంది. నాకు అన్నం సహించడం మానేసింది. ఈశ్వరిని పోగొట్టుకుంటానని నిజంగా భయం పట్టుకుంది.

ఆ ఆదివారమే వాలీబాల్లో భుజం మళ్ళీ జారింది. ఒట్టు, నేను జార్చుకోలేదు. నొప్పికి పైకి అరుస్తూనే లోపల గంతేశాను. చెప్పాల్సిందంతా మత్తులో చెప్పేసి, నాన్న కర్ర తీస్తే నెపం కెటమిన్ మీదికి తోసేయొచ్చు!

"కిందటిసారి మందే ఇవ్వండి సార్. కెటమిన్" అన్నాను, అమ్మా నాన్నా వెంట ఉండగా ఆసుపత్రి మంచమెక్కుతూనే.

డాక్టరుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "భుజం జారిందా, జార్చుకున్నావా?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడంటారు. నాకు తడుముకోవడానికి మిగిలింది ఒక్కటే.

"దీన్ని సరదాకి పీల్చి, మూత్రసంచి పాడుచేసుకుని, నిండా పాతికేళ్ళు లేనివాళ్ళు డైపర్లు కట్టుకుంటున్నారు, తెలుసా?"

"నాకు సరదా కాదండీ, అవసరం" అన్నాను. అది ఇంకా అధ్వానంగా వినబడింది.

ఆయన నర్సుతో ఏదో చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. ఆవిడ నా చేతికి గొట్టం గుచ్చి, సిరంజితో ఏదో ఎక్కించింది. నరంలో చల్లగా పాకింది. వచ్చేసింది! కళ్ళు అరమోడ్చాను.

"ఆహా... తేలిపోతన్నాను... నాన్నా, నీకు రెండు తలకాయలున్నాయి..."

"రెండూ ఇంటన్నాయి. సెప్పు" అన్నాడు నాన్న.

"గురువారం నాను రాను. నాకు బుచ్చయ్యపేట ఈశ్వరి కావాలి. ఆ గుంటని తప్ప ఇంకెవుర్నీ సేసుకోను. నువ్వు కాదన్నావంటే..."

కాదంటే ఏం చేస్తానో నాకే తెలియదు. ధైర్యం అక్కడికి అయిపోయింది. మత్తు నిజమేనని నమ్మించడానికి కోడిపుంజులా గట్టిగా కూశాను.

నర్సు సిరంజి పక్కన పెట్టి మెల్లగా అంది: "బాబూ, నీకింకా ఏ మందూ ఎయ్యనేదు. అది ఉత్త సెలైను. గొట్టం పూడిపోకుండా ఎక్కించేను."

అరమోడ్చిన కళ్ళు తెరవాలో పూర్తిగా మూసుకోవాలో తెలియలేదు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. నాన్న నా మీదికి వంగాడు.

"ఒరే, కిందటిసారి నిజం మందేసినప్పుడే ఈ ముక్క ఏడ్సి మరీ సెప్పేవు. ఆసుపత్రంతా ఇంది. నాను ఆల్లింటికెల్లి మాటాడొచ్చి ఎన్నాల్లయిందో! గురువారం ఎల్లేది ఆల్లింటికే, ఎదవా!"

"మరి... ఈశ్వరికి?"

"అన్నీ తెల్సు. నువ్వు నీ నోటితో సెప్పేదాకా ఎవులూ సెప్పొద్దని ఆ గుంటే అంది."

నేను తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా, టక్‌మని చప్పుడైంది. డాక్టరుగారు ఎప్పుడొచ్చారో, నా చెయ్యి పట్టుకుని ఎప్పుడు తిప్పారో!

"ఎక్కేసింది. కెటమిన్ అక్కర్లేకపోయింది. మీ నాన్నగారిచ్చిందే సరిపోయింది" అన్నారాయన.

భుజం తేలికైంది. దానికంటే ఎక్కువగా గుండె తేలికైంది. అమ్మ ముందు, నాన్న ముందు, నర్సు ముందు సిగ్గు లేకుండా భోరుమన్నాను. అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు.

గురువారం పెళ్ళిచూపుల్లో ఈశ్వరి కాఫీ కప్పు చేతికిస్తూ, "ఒక్కసారి కుయ్యవా?" అంది. ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే అదే అడుగుతుంది.

అందుచేత సర్వజనులకూ తెలియజేసేదేమంటే: నూకరాజు అను నేను, ఇకమీదట పెద్దలతో చెప్పవలసిన మాటని ఏ మందు చాటునా దాక్కుని చెప్పనని, మనిషి గొంతుతో తప్ప మరే గొంతుతోనూ చెప్పనని ప్రమాణం చేస్తున్నాను. ఈ ప్రమాణం పూర్తి తెలివిలో ఉండి, ఒంట్లో చుక్క సెలైనైనా లేకుండా చేస్తున్నాను.